పాత ఫోర్డ్ ట్రక్కులో మీటర్లు సరిగ్గా చూపాలంటే ఏం చేయాలి?

1970ల నాటి ఫోర్డ్ ఎఫ్-100 ట్రక్కులో పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తే చాలామంది వెంటనే ట్యాంకు దించి సెండర్ (కొలతను మీటరుకు పంపే భాగం) మార్చేస్తారు. దయచేసి అంత తొందర వద్దు. ముందు ముళ్లను గమనించండి. ఒక్కటే తప్పుగా ఉంటే దాని వైరునో సెండర్‌నో అనుమానించాలి. పెట్రోలు, ఇంజిన్ వేడి, ఆయిల్ ఒత్తిడి ముళ్లు మూడూ కలిసి తప్పితే లోపం వాటి ఉమ్మడి సరఫరాలో ఉంటుంది. ఆంపియర్ మీటరు దారి వేరు, దాన్ని ఇందులో కలపకండి.

ఆ సరఫరా ఇచ్చేది మీటర్ల వెనక ఉండే చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్. లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగుతూ కరెంటును ఆపి ఆపి వదులుతుంది, సగటున 5 వోల్టులు అందుతాయి. దానికి ఎర్త్, అంటే బండి బాడీతో కలిసే కరెంటు దారి, తెగితే పట్టీ వేడెక్కదు. 12 వోల్టులూ నేరుగా వెళ్లి ముళ్లన్నీ పైకి ఎక్కుతాయి. అందుకే మొదటి పని ఎర్త్. బ్యాటరీ తీగ విప్పి, రెగ్యులేటర్ బిగించిన చోట తుప్పు గీకి, మీటర్ల పెట్టె నుంచి బాడీకి విడిగా ఒక తీగ వేయండి. చాలా బండ్లకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

తర్వాత తాళం తిప్పి, రెగ్యులేటర్ నుంచి బయటికొచ్చే చోట ముల్లున్న వోల్ట్ మీటరు పెట్టండి. ముల్లు ఊగుతుంటే అది పనిచేస్తున్నట్టే. 12 దగ్గర కదలకుండా నిలిచినా, అసలు లేవకపోయినా మార్చాలి.

ఇక పెట్రోలు మీటరు. తాళం ఆపి, సెండర్ వైరు ఊడదీసి, దానికీ ఎర్త్‌కూ మధ్య 73 ఓముల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) కలపండి. ట్యాంకు దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ రాకూడదు. కలపడం పూర్తయ్యాకే తాళం తిప్పండి. ఒక నిమిషం ఆగితే ముల్లు ఖాళీ గీత మీదికి రావాలి. మళ్లీ తాళం ఆపి 10 ఓములది పెడితే నిండు గీతకు చేరాలి. రెండూ సరిగ్గా వస్తే మీటరు మంచిదే, లోపం సెండర్‌లోనో ట్యాంకు ఎర్త్‌లోనో ఉంది. మీటరుకు మాత్రం 12 వోల్టులు నేరుగా ఇవ్వకండి, కాలిపోతుంది.

ఇంజిన్ వేడిని కొలిచే సెండర్ మరలకు లీకు ఆపే టేపు మందంగా చుడితే ఎర్త్ అందక తక్కువ వేడి చూపుతుంది. ఆయిల్ ముల్లు మీద ఇంకా అనుమానముంటే ఇంజిన్‌కు నేరుగా మెకానికల్ గేజ్ (కరెంటు లేకుండా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేసే మీటరు) బిగించి పోల్చుకోండి.