మనిషి జీన్ల పని చెట్టును చూసి పట్టుడు – 3వ భాగం: గుర్తు ఏడ పెట్టాలె, ఏడ ఆపాలె

పోయిన భాగంల ఆర్థాలాగ్, పారాలాగ్ చూసినం కదా. జాతులు చీలినప్పుడు వేరైనవి ఆర్థాలాగ్‌లు, ఒకే జీనోమ్‌ల జీన్ డబుల్ అయ్యి వేరైనవి పారాలాగ్‌లు, గంతే. ఇయ్యాల చేతులతోని చేసే పని: జీన్ కుటుంబం వంశవృక్షం గీసుకొని (చెట్టు అంటే గదే), ఏ పని ఏ తాత జీన్ కాడ మొదలైందో ఆడ గుర్తు పెట్టుడు.

మనిషికి ప్రోటీన్ తయారుజేసే జీన్లు దగ్గర దగ్గర 20 వేలు, అన్నిటి మీద మనిషి కణాలల్లనే ప్రయోగాలు చేసుకుంట కూసుంటే ఎన్నటికి ఒడుస్తది? అందుకే ఈస్ట్‌ల, ఈగలల్ల, ఎలుకలల్ల తేలిన సంగతులు గూడ వాడుకుంటరు. కానీ పోలిక ఉంది గదా అని సీదా కాపీ కొట్టొద్దు, తప్పులు ఎక్కువ ఆడనే అయితయి. పాలమూరు పిల్లలమర్రి చూసినోళ్లకు ఎరుకే, ఊడలన్నీ మానులై మొదలు ఏదో దొరకదు. జీన్ కుటుంబం గూడ గట్లనే, మొదలును మనమే లెక్కగట్టాలె.

ఎంఎస్‌హెచ్ కుటుంబం తీసుకుందాం. ఈ.కొలై బ్యాక్టీరియాల మ్యూట్‌ఎస్ అనే ప్రోటీన్ ఉంటది, డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు జత కుదరని అక్షరాలను పట్టుకుంటది. మనిషిల దీని చుట్టాలు ఎంఎస్‌హెచ్2 నుంచి 6 దాకా. ఈస్ట్‌ల గూడ ఎంఎస్‌హెచ్2 ఈ రిపేరే చేస్తదని ప్రయోగాలల్ల తేలింది. బ్యాక్టీరియాల ఉంది, ఈస్ట్‌ల ఉంది, అంటే ఆ పని పాత తాత జీన్‌కే ఉండె. గుర్తు తాత కాడ పెట్టి కిందికి దించుండ్రి, 2, 3, 6 మూడిటికీ వస్తది.

4, 5 కాడ మాత్రం ఆగుండ్రి. ఇవి రిపేర్ చేయయి, జత కుదరని కాడ పట్టుకునే మొదటి భాగమే వీటికి లేదు. మియోసిస్‌ల, అంటే అండం, వీర్యకణం తయారయ్యే కణ విభజనల, క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకునే కాడ పనిచేస్తయి, ఈస్ట్‌ల గూడ గదే పని. అంటే ఈ కొమ్మ ఈస్ట్, మనిషి విడిపోకముందే చీలింది. మనిషి ఎంఎస్‌హెచ్4 సంగతి ఈస్ట్‌ల ఉన్న ఎంఎస్‌హెచ్4ను అడగాలె గానీ, పక్కనే ఉన్న మన ఎంఎస్‌హెచ్2ను అడిగితే తప్పు చెప్తది! నాకైతే మొత్తం పాఠంల ముఖ్యమైన ముక్క ఇదే.

ఇది ఉత్త థియరీ కాదు. 1993ల మనిషి ఎంఎస్‌హెచ్2 దొరికినప్పుడు, దాంట్ల తేడా వస్తే వంశంల పెద్దపేగు క్యాన్సర్ వస్తదని తెలిసింది, దాన్నే లించ్ సిండ్రోమ్ అంటరు. ఆ దారి చూపెట్టిన వాటిల ఈస్ట్, బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగాలు గూడ ఉన్నయి. జీన్ల పనులను ఒక పద్ధతిల రాసిపెట్టే జీన్ ఆంటాలజీ (జీఓ) వాళ్లు గీ పద్ధతినే మనిషి జీన్లన్నిటికీ పట్టిచ్చి 2025ల ప్రచురించిన్రు, సుమారు 82 శాతం జీన్లకు ఏదో ఒక పని రాయగలిగిన్రు.

ఇగ మీరు చేయుండ్రి. క్విక్‌జీఓ అనే జీఓ రాతలు వెతికే వెబ్‌సైట్ తెరిచి పీ43246 కొట్టుండ్రి, అది మనిషి ఎంఎస్‌హెచ్2 ప్రోటీన్ నంబర్. ఎవిడెన్స్ కాలమ్‌ల ఐడీఏ అంటే నేరుగ ప్రయోగం, ఐబీఏ అంటే తాత నుంచి దిగింది. ఐబీఏ లైన్ల విత్/ఫ్రమ్ కాలమ్ చూడుండ్రి, పీటీఎన్‌తోని మొదలయ్యే నంబరే ఆ తాత నోడ్ (చెట్టుల కొమ్మలు చీలే చోటు), దాని పక్కన ఉండేటివి సాక్ష్యమిచ్చిన జీన్లు, ఏ జాతివో నోట్ చేసుకోండ్రి. చాన మంది ఐబీఏ అంటే కంప్యూటర్ ఊరికె వేసిన అంచనా అనుకుంటరు, కాదు, మనుషులు కూసొని చెట్టును చదివి పెట్టిన గుర్తు.

అట్లనే ఎంఎస్‌హెచ్5కు గూడ చేసి, రెండిటి లైన్లు పక్కపక్కన పెట్టి ఏది ఏడ ఆగిందో రాసి తెచ్చుకోండ్రి. వచ్చే భాగంల ఎంఎల్‌హెచ్1 అనే ఇంకో జీన్ చెట్టు చూస్తం.