గ్యాస్ పొరల్లో ఎన్‌ఎంఆర్ లాగ్ వేయబోతున్నారా? ముందే చూసుకోవలసినవి

బావిలోకి దించే ఎన్‌ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్) టూల్ పర్మియబిలిటీని, అంటే రాతి గుండా ద్రవం ఎంత తేలిగ్గా పారుతుందన్నదాన్ని, కొలవదు. రాతి రంధ్రాల్లో హైడ్రోజన్ ఎంత ఉందో, దాని సంకేతం ఎంత త్వరగా ఆరిపోతోందో మాత్రమే కొలుస్తుంది. చిన్న రంధ్రాల్లో త్వరగా, పెద్ద రంధ్రాల్లో నెమ్మదిగా ఆరుతుంది. ఆ ఆరిపోయే కాలాల (టీ2) నుంచి పర్మియబిలిటీని అంచనా కట్టేది మనమే. అందుకే కృష్ణా–గోదావరి బేసిన్‌లోని మండపేట ఇసుకరాయి లాంటి బిగువైన గ్యాస్ పొరల్లో జాగ్రత్తలన్నీ టూల్ బావిలోకి దిగకముందే మొదలవ్వాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గ్యాస్‌తోనే. అందులో హైడ్రోజన్ తక్కువ, పోలరైజ్ కావడానికి, అంటే టూల్ అయస్కాంతానికి అనుగుణంగా సర్దుకోవడానికి, చాలాసేపు పడుతుంది. దాంతో పోరాసిటీ (రాతిలో రంధ్రాల శాతం) తగ్గి కనిపిస్తుంది. పర్మియబిలిటీని లెక్కగట్టే కోట్స్ సూత్రంలో పోరాసిటీని స్థిరాంకంతో భాగించిన దానికి నాలుగో ఘాతం, కదిలే ద్రవానికీ కదలని నీటికీ ఉన్న నిష్పత్తికి వర్గం. ఒకసారి లెక్క వేయండి: పోరాసిటీ 10 శాతం, అందులో సగం కదలని నీరు, స్థిరాంకం 10 అయితే 1 మిల్లీడార్సీ (పర్మియబిలిటీ కొలమానం) వస్తుంది. కదలని నీరు అదే 5 శాతం ఉండి, పోరాసిటీని టూల్ 8 శాతంగా చూపిస్తే వచ్చేది 0.15 మిల్లీడార్సీ. మంచి పొరను పరీక్షించకుండా వదిలేయడానికి ఆ తేడా చాలు. కాబట్టి రాతి సాంద్రతను కొలిచే డెన్సిటీ లాగ్ లేకుండా ఎన్‌ఎంఆర్‌కు ఒప్పుకోవద్దు. రెండిటినీ కలిపి సరిచేసిన పోరాసిటీనే సూత్రంలో వాడండి, కదిలే ద్రవాన్నీ దాన్నుంచే తీయండి. రెండు కొలతల మధ్య ఆగే వెయిట్ టైమ్ టీ1కి (పోలరైజ్ అయ్యే కాలానికి) మూడు రెట్లుంటే 95 శాతం పోలరైజేషన్ వస్తుంది. అంతసేపు ఆగాలంటే లాగింగ్ వేగం తగ్గించక తప్పదు. రిగ్ ఖర్చు మాట అక్కడ వస్తుంది, దాన్ని ప్లానింగ్ మీటింగ్‌లోనే తేల్చుకోండి.

ఇసుకరాయికి 33, కార్బొనేట్‌కు 92 మిల్లీసెకన్ల కటాఫ్ (కదలని నీటినీ కదిలే ద్రవాన్నీ విడదీసే టీ2 హద్దు) అందరికీ నోటికొచ్చిన అంకెలే. అవి మీ రాతివి కావు. క్లోరైట్, సిడరైట్ లాంటి ఇనుమున్న ఖనిజాలుంటే టీ2 కాలాలు కుదించుకుపోతాయి, పెద్ద రంధ్రం కూడా చిన్నదిలా కనిపిస్తుంది. బావి నుంచి తీసిన కోర్ (రాతి నమూనా) నుంచి కోసిన కొన్ని ప్లగ్గులను ఉప్పునీటితో నింపి ఒకసారి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక మరోసారి ల్యాబ్‌లో కొలిపించండి. కటాఫ్, స్థిరాంకం రెండూ అక్కణ్నుంచే రావాలి. కోర్ తీసే బడ్జెట్ లేదంటే, ఆ పర్మియబిలిటీని పొరల మధ్య పోలికకే వాడండి. ఉత్పత్తి అంచనాల్లోకి ఎక్కించకండి.

డ్రిల్లింగ్‌కు ఆయిల్ బేస్ మడ్ (నూనెతో చేసిన బురద) వాడుతుంటే, పర్మియబిలిటీకి వాడే మరో సూత్రమైన, సగటు టీ2 మీద ఆధారపడే ఎస్‌డీఆర్‌ను పక్కన పెట్టండి. రాతిలోకి చొరబడిన నూనె తన సొంత కాలాన్నే చూపిస్తుంది. గ్యాస్ పొరలోనూ ఆ సూత్రం నమ్మదగ్గది కాదు. టూల్ చూసేది బావి గోడలోకి కొద్ది అంగుళాలే, గోడ కూలినచోట మడ్‌నే రాయిగా చదువుతుంది. బావి వ్యాసాన్ని కొలిచే క్యాలిపర్ చూడకుండా ఏ అంకెనూ తీసుకోవద్దు. మడ్‌లోని ఇనుప రజను టూల్ అయస్కాంతానికి అతుక్కుంటుంది, మడ్ పారే కాలువలో పెట్టే డిచ్ మాగ్నెట్లతో ముందే ఏరించండి.

సాధారణ టూళ్లు 175 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటాయి. లోతైన బావుల్లో అడుగు ఉష్ణోగ్రతను ముందు సరిచూసుకోండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను టూల్ దరిదాపులకు రానివ్వకండి, దాని అయస్కాంతానికి స్విచ్ ఉండదు.

రిపోర్టులో పర్మియబిలిటీ పక్కనే ఏ సూత్రం, ఏ కటాఫ్, ఏ మడ్, గ్యాస్ సవరణ చేశారా లేదా అన్నవి రాసిపెట్టండి.