పెట్రోల్ రంపం: చౌకది చాలా, కంపెనీదే కొనాలా? కొనేముందు తేల్చుకునే పద్ధతి

ఒంగోలు, కావలి, నెల్లూరు ఎక్కడైనా సరే, వ్యవసాయ పనిముట్ల షాపులో "58 సీసీ, 22 అంగుళాల బార్" అని స్టిక్కర్ అంటించిన రంపం (బార్ అంటే చైన్ తిరిగే పొడవాటి పలక) ఇంచుమించు ఆరు నుంచి తొమ్మిది వేలకు దొరుకుతుంది. పక్కనే పేరున్న కంపెనీ 45 సీసీ రంపం దానికి మూడు నాలుగు రెట్లు పలుకుతుంది. ఇంజను చిన్నది, డబ్బులు ఎక్కువ. ఇదేం లెక్క అనిపిస్తుంది. కానీ బేరం తేల్చేది సీసీ కాదు. ఏడాదికి రంపం ఎన్ని గంటలు తిరుగుతుంది, పాడైతే ఎన్నాళ్లకు బాగై వస్తుంది, ఏ కర్ర కోస్తారు అన్నవి ముందు చూడాలి.

స్టిక్కర్ మీద సీసీ

5800 అనే మోడల్ నంబరుతో పది పేర్ల మీద అమ్మే చైనా రంపాల్లో చాలావాటికి సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 45.2 మిల్లీమీటర్లు. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 33 మిల్లీమీటర్లయితే, సెంటీమీటర్లలో లెక్క ఇదీ: 4.52 × 4.52 × 0.785 × 3.3, అంటే దాదాపు 53 సీసీ. మిగతా అయిదు సీసీ స్టిక్కర్‌దే. పెట్టె మీద శక్తి 2.2 కిలోవాట్లని వేస్తారు. స్టిల్ కంపెనీ ఎంఎస్ 250 చూడండి: 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు, బార్, చైన్ లేకుండా 4.6 కిలోలు. శక్తి దాదాపు సమానం, చైనా రంపం బరువు మాత్రం దీనికంటే కిలో దాకా ఎక్కువ. రోజంతా భుజాన మోసేవాడికి ఆ కిలో సాయంత్రానికి తెలుస్తుంది. కాబట్టి సీసీ పక్కన పెట్టి కిలోవాట్లు, బరువు అడగండి. ఈ రెండూ చెప్పలేని షాపువాడు రేపు విడిభాగమూ ఇవ్వలేడు.

ఇక బార్. 53 సీసీ ఇంజనుకి 22 అంగుళాల బార్ తగిలించడం అమ్మకం కోసం చేసే పని. బార్ నిండా కర్రలో దిగితే ఎక్కువ పళ్లు ఒకేసారి కొరకాలి, ఇంజను నీరసిస్తుంది, క్లచ్ జారి వేడెక్కుతుంది. ఆ రంపానికి 18 అంగుళాలు చాలు.

ఏ కర్ర కోస్తారు

పొదలకూరు వైపు నిమ్మతోటలో ఎండు కొమ్మలు తీయడానికి, ఉలవపాడు మామిడిలో కొమ్మ కత్తిరింపుకి ఏడాదికి నాలుగైదు రోజులు రంపం తిరిగితే ఎక్కువ. దీనికి చౌకది సరిపోతుంది. గట్టు మీద చిల్లకంప కొట్టడం కూడా కొంతవరకు అంతే. కాకపోతే చిల్లచెట్టు మొదలు దగ్గర కర్ర గట్టిది, బెరడు పగుళ్లలో మట్టి పేరుకుని ఉంటుంది, చైన్ త్వరగా మొద్దుబారుతుంది.

ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ కోతలు వేరు. కర్ర లావు తక్కువే, కానీ ముఠాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా కోస్తాయి. సింగరాయకొండ, కొత్తపట్నం, అల్లూరు తీరంలో సరుగుడూ అంతే. పైగా అక్కడ వాన చినుకులకు ఇసుక ఎగిరి మొదట్లో బెరడుకు అంటుకుని ఉంటుంది. ఇలా రోజూ తిరిగే పనికి చౌక రంపం పెట్టుకుంటే నష్టపోతారు.

వయసు మళ్లిన చింత, తుపానుకు కూలిన పెద్ద వేప మూడో రకం. వీటికి 45 సీసీ, 53 సీసీ రెండూ చాలవు. స్టిల్ ఎంఎస్ 382 లాంటి 72 సీసీ, 3.9 కిలోవాట్ల రంపం కావాలి. ఏడాదికి ఒక్క చెట్టు కోసం దాన్ని కొనడం దండగ, మనిషితో సహా అద్దెకు పిలిపించుకోండి. సొంత పొలంలో చెట్టయినా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు, ముందే కనుక్కోండి. ఉదయగిరి, రాపూరు కొండల దాపున ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, ఎర్రచందనం కూలికి రంపంతో ఎవరు రమ్మన్నా పోవద్దు.

డబ్బు కట్టకముందే చేసే పరీక్షలు

ఇంజను ఆపి ఉండగా తాడును నెమ్మదిగా లాగండి. ఒక చోట గట్టిగా అడ్డుకుని, దాటాక వదలాలి. సాఫీగా వచ్చేస్తే కంప్రెషన్ లేదు. పైన మూత విప్పి ఎయిర్ ఫిల్టర్ తీసి మళ్లీ పెట్టండి. చుట్టూ ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి. చౌక రంపం త్వరగా చావడానికి పెద్ద కారణం ఇక్కడే ఉంటుంది: వలలాంటి నైలాన్ ఫిల్టర్, అంచు సరిగా అతకదు, సన్నటి పొట్టు, ఇసుక లోపలికి పోయి పిస్టన్‌ను, సిలిండర్‌ను అరగదీస్తాయి.

స్టార్ట్ చేశాక రేసు వదిలేస్తే చైన్ తిరగకూడదు. తిరిగితే ఐడిల్ స్క్రూ తగ్గించమనండి. తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగ్ సరిగా లేనట్టు. తర్వాత ముందు గార్డును నెట్టి చైన్ బ్రేక్ వేసి, రెండు మూడు సెకన్లు మాత్రం పూర్తి రేసు ఇవ్వండి. చైన్ కదిలితే ఆ రంపం వద్దు. బార్ కొస పైభాగం కర్రకు తగిలి రంపం ముఖం మీదికి ఎగిరినప్పుడు ఆదుకునేది ఆ బ్రేకే.

బ్రేక్ తీసి, బార్ కొసను అట్టముక్కకు జానెడు దూరంలో పెట్టి అర నిమిషం రేసు ఇవ్వండి. అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. పడకపోతే ఆయిల్ పంపు పనిచేయడం లేదు. చౌక రంపాల్లో ఈ పంపు తిప్పే గేరు చాలాసార్లు ప్లాస్టిక్‌ది, వేడికి పళ్లు అరిగిపోతాయి. ఆయిల్ అందని బార్ నీలం రంగుకు మారి, గాడి వెడల్పవుతుంది.

చివరిది వేడి పరీక్ష. పది నిమిషాలు నడిపి ఆపేయండి. అయిదు నిమిషాలాగి, చోక్ లేకుండా తాడు లాగండి. మూడు లాగుల్లో అందుకోవాలి. ఒంగోలు ఎండలో మధ్యాహ్నం పెట్రోలు పోసుకున్నాక రంపం అందుకోకపోతే పని అక్కడితో ఆగినట్టే. చల్లగా ఉన్నప్పుడు అన్ని రంపాలూ బాగానే స్టార్టవుతాయి, షాపువాడు చూపించేదీ అదే.

రెంటినీ పక్కపక్కన పెట్టి కోసి చూడాలంటే

పది అంగుళాల లావు పచ్చి దుంగ ఒకటే తీసుకుని, ఒక్కో రంపంతో పదేసి బిళ్లలు కోయండి. సెకన్లు లెక్కపెట్టండి. ఇక్కడ అందరూ పొరపడేది చైన్ దగ్గర. చౌక రంపంతో వచ్చే చైన్ ఇనుము మెత్తన, రెండు ట్యాంకులకే మొద్దుబారుతుంది. ఆ చైన్‌తో పోటీ పెడితే మీరు పోల్చింది చైన్లనే, ఇంజన్లను కాదు. ఒకదాని చైన్ ఇంకోదానికి పడదు కూడా: చైనా రంపంలో బార్ గాడి వెడల్పు సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు, ఎంఎస్ 250లో 1.6. సన్నటి చైన్‌ను వెడల్పు గాడిలో వేస్తే ఊగి, కోత వంకర పోతుంది. రెంటికీ మంచి చైన్ వేసి, ఒకే ఆకురాయితో పదును పెట్టాకే పోటీ పెట్టండి. తేడా మీరనుకున్నంత ఉండదు. అసలు తేడా మూడో గంట నుంచి బయటపడుతుంది: స్ప్రింగుల మీద కూర్చున్న హ్యాండిల్‌కీ, రబ్బరు ముక్కల మీద ఉన్న హ్యాండిల్‌కీ అదురులో చాలా అంతరముంది. వేళ్లు తిమ్మిరెక్కితే పట్టు సడలుతుంది.

డబ్బు లెక్క

చౌకది 8,000, కంపెనీది 30,000 అనుకుందాం. తేడా 22,000. నలుగురి ముఠాకు మనిషికి 700 చొప్పున కూలి పెట్టుకుంటే, రంపం ఆగిన ఒక్కరోజుకు 2,800 పోతుంది. అంటే చౌక రంపం తన జీవితకాలంలో ఎనిమిది రోజులు పని ఆపితే ఆదా చేసిందంతా పోయినట్టే, ట్రాక్టర్ బాడుగ, మిగతా ఖర్చు కలపకుండానే. మీ బిల్లు, మీ ఊరి కూలి రేటు వేసి చూసుకోండి. తోటరైతుకు ఈ లెక్క తిరగబడుతుంది: రంపం పాడైనా పని వారం వాయిదా పడుతుంది, అంతే. అతనికి కంపెనీ రంపం కొనడం డబ్బును షెడ్డులో దాచినట్టు.

కొనేముందు షాపులో నాలుగు వస్తువులు చూపించమనండి: స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం), ఆయిల్ పంపు, కార్బరేటర్ డయాఫ్రమ్ కిట్, తాడు చక్రంలోని స్ప్రింగు. "తెప్పిస్తాం" అంటే ఎన్ని రోజులని అడిగి, పై లెక్కలో కలపండి. పెద్ద పేరున్న 72 సీసీ రంపం పది పన్నెండు వేలకే ఇస్తామంటే అది నకిలీ. డీలర్ బిల్లు, బాడీ మీది సీరియల్ నంబరు సరిపోల్చుకోండి.

చౌకది కొంటే మొదటి రోజే

సైలెన్సర్ బోల్టులు, కార్బరేటర్ వెనక స్క్రూలు బిగించండి. అదురుకి ముందు వదులయ్యేవి అవే. కార్బరేటర్ దగ్గర గాలి లీకైతే పెట్రోలు, ఆయిల్ తక్కువై పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్గు తీసేసి ఎన్‌జీకే బీపీఎంఆర్7ఏ వేయండి. చైన్ మార్చండి: 0.325 అంగుళాల పిచ్ (లింకుల ఎడం), 0.058 అంగుళాల గేజ్ (గాడిలో కూర్చునే మందం, పైన చెప్పిన 1.5 మిల్లీమీటర్లు), 20 అంగుళాల బార్‌కి 76 లింకులు, 18కి 72. బార్ మీద చెక్కిన అంకెలతో సరిచూసుకున్నాకే కొనండి. ఈ మొత్తానికి వెయ్యి, పదిహేను వందలు పెట్టినా దండగ కాదు.

పెట్రోల్లో కలిపే టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ డబ్బా మీద ఎఫ్‌డీ గ్రేడు అని ఉంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు. రంపంతో వచ్చిన పుస్తకంలో 25:1 (25 వంతుల పెట్రోలుకు ఒక వంతు ఆయిల్) అని ఉంటే, మొదటి కొన్ని ట్యాంకులకు లీటరుకు 40 మిల్లీలీటర్లు పోయండి. కంపెనీ రంపానికి వాళ్ల ఆయిల్‌తో 50:1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. బైక్ ఇంజన్ ఆయిల్ పోయకండి. చైన్‌కి వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం మన దగ్గర అలవాటు. అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలో తేమను లాగుతుంది, తీరంలో మరీ. నెల పాటు పని లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపండి. లేకపోతే పైపు గట్టిపడి చిట్లుతుంది, డయాఫ్రమ్ బిగుసుకుపోతుంది. ఈ విషయంలో ఖరీదైన రంపానికీ మినహాయింపు లేదు.

పదును: ట్యాంకు నింపినప్పుడల్లా పంటికి మూడు నాలుగు రుద్దులు, 30 డిగ్రీల వంపు, 0.325 పిచ్‌కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. ముందున్న చిన్న గుబ్బ పంటికంటే 0.65 మిల్లీమీటర్లు కిందికుండాలి. పొట్టు పలుకులుగా రాకుండా పిండిలా వస్తుంటే పదును పోయినట్టు. సరుగుడు కోసేముందు మొదలు మీది ఇసుకను గోనెపట్టాతో తుడవండి, నేలకు జానెడు ఎత్తున కోయండి.

మధ్యేమార్గం

కంపెనీ రంపం సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, సైలెన్సర్ విప్పి, ఆ కన్నంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. పక్క గోడ నున్నగా, రింగు మెరుస్తూ ఉంటే మంచిదే. నిలువు గీతలు కనిపిస్తే అది ఒకసారి పట్టేసిన ఇంజను. అసలు పిస్టన్, సిలిండర్ కిట్ ధర అడిగి, దాన్ని అమ్మేవాడి రేటులోంచి తగ్గించి మాట్లాడండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.