మంచు మీద తాడు పని: తొడుగులున్న చేతులతో నేర్చుకోవాల్సినవి

భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నవాళ్లకు హార్నెస్ (నడుముకు, తొడలకు వేసుకునే పట్టీలు), క్యారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం), తాడు కొత్త కాదు. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ సాధన చేసిందీ అక్కడే. అయితే ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సుకు వెళ్లి హిమానీనదం మీద నిలబడ్డాక, చేతులు మొరాయిస్తాయి. తొడుగులు వేసుకుంటే వేళ్లకు తాడు తెలియదు, తీస్తే కాసేపటికే మొద్దుబారతాయి. అందుకే బయల్దేరడానికి నెల ముందే, పల్చటి ఉన్ని తొడుగు మీద మందపాటిది వేసుకుని ఇంట్లోనే సాధన మొదలుపెట్టాలి.

మొదట రెండు ముళ్లు చాలు. హార్నెస్‌కి తాడు కట్టుకునేది ఫిగర్ ఎయిట్. ఎనిమిది వేసి, కొసను హార్నెస్ ముందున్న రెండు లూపుల్లోంచి తీసి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. తాళ్లు మెలిపడకుండా జంటగా పక్కపక్కనే పడుకోవాలి. నాలుగు పాయలనూ విడివిడిగా లాగి బిగించండి. తోక జానెడు మిగలాలి.

రెండోది ప్రూసిక్, బరువు పడగానే తాడును బిగించి పట్టుకునే ముడి. సుమారు ఒకటిన్నర మీటర్ల 6 మి.మీ. తాడు రెండు కొసలను డబుల్ ఫిషర్‌మన్ ముడితో లూపుగా కట్టి, 10 మి.మీ. అసలు తాడుకు మూడు చుట్లు తిప్పాలి. తాడు మంచు పట్టి ఉంటే మూడు చుట్లకు జారుతుంది, నాలుగోది వేయండి. లూపు తాడు అసలు తాడంత లావుంటే పట్టదు.

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఐస్ యాక్స్‌ (మంచు గొడ్డలి)తో జారుడు ఆపడానికి. అడుగున బండలు, అంచులు లేకుండా మెల్లగా చదునయ్యే వాలు ఎంచుకోండి. హెల్మెట్ పెట్టుకుని, క్రాంపాన్లు (బూట్ల అడుగున తగిలించుకునే లోహపు పళ్లు) తీసేయండి. ఒక చేయి యాక్స్ తల మీద, రెండోది కర్ర అడుగు కొన మీద. కర్ర ఛాతీకి ఏటవాలుగా ఉండాలి, యాక్స్ తలకున్న వెడల్పు పలక మెడ ఎముక కింది గుంటలో ఆనాలి. బోర్లా తిరిగి, ఒంటి బరువంతా యాక్స్ తల వైపు వేసి దాని మొనదేలిన ముక్కును మంచులోకి నొక్కాలి. చేతులు చాచి పట్టుకుంటే మొదటి కుదుపుకే యాక్స్ ఊడిపోతుంది. కింది కొనను చెయ్యి మూయకపోతే అది తొడలో దిగుతుంది. వెల్లకిలా పడితే యాక్స్ తల ఉన్న వైపుకే తిరగండి. క్రాంపాన్లు ఉన్నప్పుడు పాదాలు పైకెత్తి మోకాళ్ల మీద ఆగాలి. పళ్లు మంచులో తగులుకుంటే చీలమండ విరగొచ్చు, మనిషి పల్టీ కొట్టొచ్చు. కుడి ఎడమ రెండు చేతులతోనూ ఒంటికి అలవాటయ్యేదాకా చేయండి. వేగం అందుకున్నాక ఆపడం దాదాపు అసాధ్యం.

ఫిక్స్‌డ్ రోప్ (వాలు మీద ముందే బిగించిన తాడు) మీద హార్నెస్‌కు కట్టిన రెండు స్లింగులు (పట్టీలు) వాడతాం: ఒకదానికి జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు పరికరం), రెండోదానికి లాకింగ్ క్యారబినర్. యాంకర్ (తాడును బిగించిన చోటు) దగ్గర ముందు క్యారబినర్‌ను పై తాడుకు మార్చి తాళం బిగించాలి, ఆ తర్వాతే జుమార్. రెండూ తాడు వదిలిన క్షణం ఉండకూడదు. జుమార్ స్లింగ్ మీ చేతికి అందేంత పొడవే పెట్టుకోండి, లేదంటే వేలాడుతూ జుమార్‌ను అందుకోలేరు. జుమార్ పళ్లలో మంచు గడ్డకడితే పట్టు తప్పుతుంది, జేబులో పాత టూత్‌బ్రష్ ఉంచుకోండి.

రాపెల్‌కు, అంటే తాడు మీద కిందికి దిగడానికి, ముందు తాడు కొసల్లో ముడి వేయాలి. వేయకపోతే చివరిదాకా దిగినవాళ్లు తాడులోంచి జారిపోతారు. డిసెండర్ (దిగే వేగాన్ని అదుపు చేసే పరికరం) కింద ప్రూసిక్ కట్టి కాలి లూపుకు తగిలించండి. అది డిసెండర్‌ను తాకేంత పొడవుంటే పట్టుకోదు. జుట్టు, జాకెట్ తాళ్లు లోపలికి దోపుకోవాలి, డిసెండర్‌లో చిక్కితే విడిపించడం చాలా కష్టం.

కాటన్ బట్టలు వద్దు. చెమటకు తడిసి చలిని ఒంటికి పట్టిస్తాయి.

సాయంత్రం తాడును దులిపి టెంట్‌లోకి తెచ్చుకోండి. తడి తాడు బయట ఉంటే తెల్లారేసరికి కర్రలా బిగుస్తుంది, ముడి పడదు.