కార్న్‌వాలిస్ వంశవృక్షం గీయాలంటే: ఆరుగురు చార్లెస్‌ల మధ్య దారి తప్పకుండా

నల్లగొండలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు హిస్టరీ చెప్తుంటాను. శాశ్వత శిస్తు విధానం (జమీందార్లు కట్టే శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేయడం), 1793, దాన్ని తెచ్చిన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్... ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ మనిషి ఎవరు, ఎవరి కొడుకు అంటే మాత్రం మొహాలు చూసుకుంటారు. నా సంగతీ అంతే. ఒకసారి ఉత్సాహం ఎక్కువై ఆయన కుటుంబం మీద ఒక పేజీ నోట్స్ రాసి, క్లాక్ టవర్ దగ్గర నలభై కాపీలు జిరాక్స్ తీయించి పంచాను. అందులో 1749లో కెనడాలో హాలిఫాక్స్ పట్నానికి పునాది వేసిందీ ఈయనే అని రాసి పెట్టాను. దేవరకొండ నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "సార్, ఈయన పుట్టిందే 1738 డిసెంబర్ 31న అని మీరే రాశారు, పదేళ్ల పిల్లాడు పట్నం ఎట్ల కట్టిండు సార్?" అంది. క్లాసంతా నవ్వు. హాలిఫాక్స్ మనిషి ఈయన బాబాయి, ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్.

ఆ దెబ్బతో నేర్చుకున్న పద్ధతే ఇది. పద్దెనిమిదో శతాబ్దపు ఏ ఇంగ్లీషు ప్రభువుకైనా పనికొస్తుంది, కానీ కార్న్‌వాలిస్‌తో మొదలుపెట్టండి, ఇంతకన్నా చిక్కుముడి ఇల్లు దొరకడం కష్టం.

మొట్టమొదట చేయాల్సింది పేరు పక్కన పెట్టి తేదీ పట్టుకోవడం. మన ఊర్లలో పాత కాగితం ఏదైనా తీస్తే 'దొర' అని ఉంటుంది. ఏ దొర? పెద్ద దొర పోయాక చిన్న దొరే దొర అవుతాడు, కాబట్టి కాగితం మీది తేదీ చూస్తే తప్ప తెలియదు. ఇంగ్లండులోనూ 'లార్డ్ కార్న్‌వాలిస్' అంటే అంతే. 1745 కాగితంలో ఆ మాట ఉంటే అది మనవాడి (అంటే 1793 కార్న్‌వాలిస్) తండ్రి, అయిదో బారన్. ప్రభువుల బిరుదుల్లో బారన్ అన్నిటికన్నా కింది మెట్టు. 1753లో ఆ తండ్రికి అంతకన్నా పెద్దదైన ఎర్ల్ బిరుదు వచ్చింది. 1770 కాగితంలో ఉంటే మనవాడు, ఎందుకంటే తండ్రి 1762లో పోయాడు. మరి 1753 నుంచి 1762 దాకా మనవాడి పేరేమిటి? వైకౌంట్ బ్రోమ్! ఎర్ల్‌గారి పెద్దకొడుకు తండ్రికున్న కింది బిరుదును మర్యాద కోసం వాడుకుంటాడు. ఇది చట్టప్రకారం వచ్చిన బిరుదు కాదు, అందుకే 1760లో ఐ అనే నియోజకవర్గం నుంచి, ఎన్నికైనవాళ్లు కూర్చునే కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. తండ్రి పోగానే ఆ సీటు వదిలి, అసలు బిరుదున్నవాళ్లు కూర్చునే లార్డ్స్ సభకు వెళ్లాల్సి వచ్చింది. ఆ తొమ్మిదేళ్లలో 'కార్న్‌వాలిస్' అని వెతికితే మనవాడు దొరకడు, 'బ్రోమ్' అని వెతకాలి. నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది ఇక్కడే.

మెట్ల వరస కూడా గుర్తుండాలి: పైనుంచి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. మన పుస్తకాల్లో 'లార్డ్ చార్లెస్ కార్న్‌వాలిస్' అని కనిపిస్తుంది, అది తప్పు. లార్డ్ తర్వాత సొంత పేరు పెట్టేది డ్యూక్, మార్క్వెస్‌ల చిన్నకొడుకులకే.

ఇక చార్టు గీయడం. పెద్ద చార్టు పేపరు కొనండి, ఏ4 చాలదు. పెన్సిల్‌తోనే గీయండి, పెన్ను వద్దు. పైన ఫ్రెడరిక్ కార్న్‌వాలిస్‌ని పెట్టండి. రెండో చార్లెస్ రాజు ప్రవాసంలో ఉన్నప్పుడు వెంట ఉన్నవాడు, 1661లో బారన్ అయ్యాడు. ఆయన కింద కొడుకు చార్లెస్, ఆయన కొడుకు చార్లెస్, ఆయన కొడుకు చార్లెస్, ఆయన కొడుకు చార్లెస్, ఈ చివరాయన కొడుకే మనవాడు, ఆయన పేరూ చార్లెసే, మనవాడి కొడుకు మళ్లీ చార్లెస్. వరసగా ఆరుగురు. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి మధ్యలో ఒక తరం గ్యాప్ అయినా వస్తుంది, వీళ్లకు ఆ దయ కూడా లేదు. అందుకే ప్రతి చార్లెస్ పక్కన చనిపోయిన సంవత్సరం రాయండి: 1673, 1698, 1722, 1762, 1805, 1823. పుట్టిన సంవత్సరం కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది, బిరుదు చేతులు మారేది ఆ రోజే కదా.

తేదీల్లో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. ఇంగ్లండులో 1752 దాకా అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఏడాదే క్యాలెండర్ మార్చారు, సెప్టెంబర్ 2 తెల్లారితే సెప్టెంబర్ 14. ఇందాకటి బాబాయి ఎడ్వర్డ్‌నే చూడండి. ఒకచోట 1712 ఫిబ్రవరి 22 అని, మరోచోట 1713 మార్చి 5 అని ఉంటుంది. రెండూ ఒకే రోజు! పాత లెక్కలో మార్చి 25 రాలేదు కాబట్టి ఇంకా 1712, పైగా పదకొండు రోజుల తేడా. ఈ ఎడ్వర్డ్‌కు కవల తమ్ముడో అన్నో ఫ్రెడరిక్ అని ఉన్నాడు, 1768లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ (ఇంగ్లండు చర్చిలో అందరికన్నా పెద్ద మతాధికారి) అయ్యాడు. కవలల్లో ఒకరికి ఒక తేదీ, ఇంకొకరికి ఇంకో తేదీ రాసి ఉంటే కంగారు పడకండి. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ ఏది కనబడినా '1712/13' అని రెండు సంవత్సరాలూ రాసి పెట్టుకోండి, తర్వాత ఏడవక్కర్లేదు.

తల్లి వైపు గీయడం మర్చిపోవద్దు, నాకు ఎక్కువ మజా వచ్చింది అక్కడే. మనవాడి తల్లి ఎలిజబెత్ టౌన్‌షెండ్. ఆమె తండ్రి రెండో వైకౌంట్ టౌన్‌షెండ్, రాజకీయాలు వదిలేశాక నార్ఫోక్‌లో పొలాలు చూసుకుంటూ పంటల మార్పిడిలో టర్నిప్ దుంపను ప్రచారం చేసి 'టర్నిప్ టౌన్‌షెండ్' అనిపించుకున్నాడు. చాలాచోట్ల ఈ ఎలిజబెత్ ప్రధాని రాబర్ట్ వాల్‌పోల్‌కు మేనకోడలు అని రాసి ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి లెక్క కట్టండి. వాల్‌పోల్ చెల్లెలు డొరోతీని టౌన్‌షెండ్ చేసుకున్నది 1713లో. ఎలిజబెత్ పెళ్లి 1722లో. డొరోతీ కూతురే అయితే పెళ్లినాటికి ఎనిమిదేళ్లు! ఆమె మొదటి భార్య కూతురు. ఆ మొదటి భార్య ఎలిజబెత్ పెల్హామ్, 1711లో పోయింది. అంటే వాల్‌పోల్ సవతి తల్లి అన్న, వరుసకే మేనమామ, రక్తానికి కాదు. మరి సొంత మేనమామలు? హెన్రీ పెల్హామ్, న్యూకాజిల్ డ్యూక్. వీళ్లకూ ఆ మొదటి భార్యకూ తల్లులు వేరు, తండ్రి ఒక్కడే. వీళ్లిద్దరూ ప్రధానులే! 'వరుస' అనే మాట ఉన్న మనకు ఈ తేడా ఒక్క ముక్కలో అర్థమవుతుంది, ఇంగ్లీషులో చదివితే ఎన్నిసార్లు చదివినా జారిపోతుంది.

మనవాడి సొంత జీవితం చార్టు పక్కన చిన్న అక్షరాలతో చాలు. ఈటన్ స్కూలు, అక్కడ హాకీ ఆడుతూ కంటికి దెబ్బ. 1768లో జెమైమా జోన్స్‌తో పెళ్లి, 1779లో ఆమె మరణం. 1781 అక్టోబర్ 19న అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోవడం. 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి. టిప్పు మీద యుద్ధంలో మన నిజాం అలీ ఖాన్ ఈయన వైపే ఉన్నాడు, 1792లో శ్రీరంగపట్నం సంధి, అదే ఏడాది మార్క్వెస్ బిరుదు. 1805లో రెండోసారి వచ్చి అక్టోబర్ 5న ఘాజీపూర్‌లో పోయాడు, సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. (శాశ్వత శిస్తు విధానం నిజాం రాజ్యానికి వర్తించలేదు. మన దేశ్‌ముఖ్‌లను దానికి ముడిపెట్టి పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.)

బిరుదు ఇచ్చిన తేదీలకు లండన్ గెజిట్ (బ్రిటన్ ప్రభుత్వ అధికారిక పత్రిక) పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఇప్పుడున్న ప్రభువుల జాబితాల్లో మాత్రం ఈ ఎర్ల్‌ల కోసం వెతక్కండి, అంతరించిన బిరుదుల్లో చూడాలి. కొడుకు చార్లెస్‌కు అయిదుగురూ ఆడపిల్లలే. 1823లో ఆయన పోగానే మార్క్వెస్ బిరుదు ఆగిపోయింది. ఎర్ల్ బిరుదు మాత్రం వెనక్కి తిరిగి ఆయన బాబాయికి, అంటే మనవాడి తమ్ముడు జేమ్స్ అనే బిషప్‌కు వెళ్లింది, ఆయన 1824లో పోతే ఆయన కొడుక్కి. ఆ కొడుకు 1852లో పోయాడు, అప్పటికి మగవారసుడు లేడు, కథ కంచికి. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలైతే ఒక పిల్లాణ్ని దత్తత తెచ్చుకుని గద్దె మీద కూర్చోబెట్టేవాళ్లు. ఇంగ్లండులో దత్తత కొడుక్కి బిరుదు రాదు.

అక్కడితో చార్టు మడిచేయకండి. ఆ అయిదుగురు కూతుళ్లలో జేన్‌ను బ్రేబ్రూక్ ఇంటికి ఇచ్చారు, ఇంటిపేరు మారిందే కానీ మనుషులు ఉన్నారు. ఆమె పేరు దగ్గర నుంచి పక్కకు ఒక గీత గీసి, అక్కడ కొంచెం ఖాళీ వదలండి.