విమానంలో ముక్కు ఎండిపోకుండా

బెంగళూరు నుంచి ఢిల్లీలో దిగేసరికి నా ముక్కు లోపల చెక్కు కట్టేది, గొంతు గరగరలాడేది. ఎగిరే విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతం లోపే మరి.

ఇప్పుడు ఖాళీ స్టీలు సీసా తీసుకెళ్లి, భద్రతా తనిఖీ దాటాక మంచినీళ్ల కుళాయి దగ్గర నింపుకుంటున్నాను. నీళ్లు కొనే ఖర్చూ తప్పింది. గంటకో గ్లాసు చొప్పున, ఒక్కో గుటకగా తాగుతాను. ఎక్కే ముందు ఒకసారి, గంటన్నరకు మరోసారి, మందుల షాపులో దొరికే మామూలు సెలైన్ చుక్కలు ఒక్కో ముక్కురంధ్రంలో రెండేసి వేసుకుంటాను. ఎక్కే ముందు ఫిల్టర్ కాఫీ మాత్రం మానలేదు, అది నావల్ల కాదు.

జలుబుతో ముక్కు పూర్తిగా బిగుసుకుపోయి ఉంటే ఈ చుక్కలు చాలవు. దిగేటప్పుడు చెవిపోటు రావచ్చు, ముందే డాక్టరును అడగండి.