మీ పొలం మట్టితోనే రంగు

ఫైన్ ఆర్ట్స్ చదువుతూ ప్రాజెక్టుకి ఏం చేయాలో తోచక టెన్షన్ పడుతున్న రైతుబిడ్డలకి ఒక మాట. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ పొలం మట్టి కొంచెం తెచ్చుకోండి. దాంతోనే వాటర్ కలర్ చేసుకోవచ్చు.

ఎర్రమట్టి అయితే చాలా మంచిది. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, ఎండకి తేలిగ్గా వెలిసిపోదు. పైపొరలో వేళ్లూ ఎరువూ ఉంటాయి కాబట్టి జానెడు లోతు నుంచి తీయండి. ఎండబెట్టి, చిదిపి, బకెట్ నీళ్లలో బాగా కలపండి. అర నిమిషం ఆగితే ఇసుక అడుక్కి దిగుతుంది. పైనున్న ఎర్రనీళ్లని పలచటి గుడ్డలో వడకట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన మెత్తటి ముద్దని ఆరబెడితే అదే మీ రంగు. తుమ్మజిగురు నానబెట్టి వడకట్టిన నీళ్లూ, కొంచెం తేనె కలిపి గాజుపలక మీద ఓపిగ్గా నూరాలి. కాగితం మీద ఆరాక వేలికి అంటుతుంటే జిగురు చాల్లేదని, పెళుసుగా పెచ్చులూడితే ఎక్కువైందని అర్థం.

నల్లరేగడితో జాగ్రత్త. తడికి ఉబ్బి, ఆరితే బీటలు వారే మట్టి అది. పొలంలో ఎలాగో కాగితం మీదా అంతే. పలచటి పూతలుగా వేయండి. లేదా ఆ బీటల్నే బొమ్మలో వాడుకోండి, నాకైతే అదే ఇష్టం.

ఏం గీయాలంటారా? తాత వాడిన గొర్రు, జడ్డిగం, గుంటక లాంటి సేద్యం పనిముట్లు కొట్టంలో ఇంకా ఉంటే ముందు వాటినే. పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ భాగాన్ని ఏమంటారో, ఏ చెక్కతో చేయించారో అడిగి బొమ్మ పక్కనే రాసుకోండి.